మెస్సీని వదులుకున్నది 2021 ఆగస్టులో కాదు

సంపాదకులకు,

అయ్యా,

2025 డిసెంబరు 13న అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు లియొనెల్ మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చి, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గారితో కలిసి కాసేపు బంతాడి వెళ్లిన నాటి నుంచి మా హనుమకొండ, కాజీపేట కుర్రకారులో ఒక పాత తగవు మళ్లీ రాజుకుంది. స్పెయిన్‌లోని బార్సెలోనా క్లబ్బు 2021లో అంతటి ఆటగాడితో ఒప్పందాన్ని ఎందుకు కొనసాగించుకోలేకపోయింది, ఆ పాపం ఎవరిది అన్నదే ఆ తగవు. నేను డిగ్రీ కళాశాలలో చాలాకాలం వాణిజ్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. ఆటంటే ఇష్టమే గాని, ఇంత వాదన జరుగుతున్నా పద్దుల జోలికి ఒక్కరూ పోకపోవడం చూసి ఉండబట్టలేక రాస్తున్నాను.

సాయంత్రం ఆట ముగిశాక చాయ్ బండి దగ్గర చేరే ఈ అభిమానులలో మూడు వర్గాలున్నాయి. క్లబ్బు అధ్యక్షుడు జొవాన్ లాపోర్తా నమ్మించి మోసం చేశాడనేది ఒక వర్గం. "గంత ప్రేమున్నోడు ఒక్క ఏడాది ఉత్తగనే ఆడితే ఏం పోతుండె?" అని మెస్సీనే తప్పుపట్టేది రెండో వర్గం. "లీగోళ్లు పగబట్టి పంపిండ్రు అన్నా, రూలు ఒక సాకు" అనేది మూడోది. మొన్న ఒక సాయంత్రం, వీపున పదో నంబరున్న ఎరుపు నీలం జెర్సీ తొడుక్కున్న ఒక ఐటీఐ విద్యార్థి, చేతిలో చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, 2021 ఆగస్టు 8 నాటి విలేకరుల సమావేశంలో మెస్సీ కన్నీళ్లు తుడుచుకుంటున్న దృశ్యాన్ని ఫోనులో మళ్లీ మళ్లీ ఆడిస్తూ, "పైసలే ముఖ్యమైతే ఈయన ఎందుకు ఏడుస్తడు, మీరే చెప్పుండ్రి సార్" అని నన్ను నిలదీశాడు. ఆ అబ్బాయికి అక్కడ నిలబడి చెప్పలేకపోయిన జవాబు ఇది.

మెస్సీ ఏడ్చింది నిజం, సగం జీతానికి ఒప్పుకున్నదీ నిజం. ఆ సంగతి ఆయనే అదే సమావేశంలో చెప్పారు. అయితే ఆయన పాత ఒప్పందం 2021 జూన్ 30తో ముగిసిపోయింది. ఆ తరువాత రాసుకునే ఏ ఒప్పందమైనా స్పెయిన్ లీగు దృష్టిలో కొత్త నమోదే కాబట్టి, అందులోని ప్రతి యూరోనూ క్లబ్బు తన జీతాల పరిమితిలో ఇమిడ్చి చూపవలసిందే. ఆగస్టు 5న మెస్సీ కొనసాగడం లేదని క్లబ్బు ప్రకటించింది. మరునాడు లాపోర్తా చెప్పిన లెక్క ప్రకారం, మెస్సీ ఉంటే జట్టు జీతాల మొత్తం క్లబ్బు ఆదాయంలో 110 శాతం, ఆయన లేకపోయినా 95 శాతం. ఉచితంగా ఆడమనే మిత్రులు ఈ రెండో అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మెస్సీ ఒక్క పైసా తీసుకోకపోయినా, వంద వస్తే తొంభై అయిదు ఆటగాళ్లకే పోయే క్లబ్బు అది. పైగా పరిమితి దాటిన క్లబ్బు నాలుగు యూరోలు మిగిలిస్తేనే ఒక యూరో కొత్తగా ఖర్చు పెట్టాలనేది ఆనాటి నిబంధన. మెస్సీ వెళ్లిపోయాక కూడా, కొత్తగా వచ్చిన మెంఫిస్ డెపే, ఎరిక్ గార్సియాల పేర్లు నమోదు చేయించడానికి సీనియర్ ఆటగాడు జెరార్డ్ పికే తన జీతం తగ్గించుకోవలసి వచ్చింది. లాపోర్తా మాత్రం ఆ అక్టోబరులో, మెస్సీ ఉచితంగా ఆడతానంటాడేమోనని ఆశపడ్డానని రేడియోలో అన్నారు. తన అంకెలు తెలిసిన అధ్యక్షుడు అనవలసిన మాట కాదది.

మనవాళ్లకు ఐపీఎల్ ఉదాహరణ చెబితే తేలిగ్గా అందుతుంది. 2021 నవంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ రషీద్ ఖాన్‌ను ఎందుకు వదులుకుంది? పర్సు పరిమితం. 14 కోట్లు విలియమ్సన్‌కు పోయాయి, నాలుగేసి కోట్లు అబ్దుల్ సమద్‌కు, ఉమ్రాన్ మాలిక్‌కు పోయాయి. రషీద్ 15 కోట్లకు గుజరాత్‌కు వెళ్లాడు, ఆ జట్టు మొదటి ఏడాదే కప్పు గెలిచింది. అప్పుడు మనం తిట్టింది పర్సు నిబంధనను కాదు, ఆ పర్సును అలా ఖర్చుపెట్టినవారిని. బార్సెలోనా దగ్గరకు వచ్చేసరికి ఈ వివేకం ఎందుకు పోయిందో నాకు బోధపడదు.

అసలు కథ 2017 ఆగస్టులో మొదలైంది. నెయ్‌మార్‌ను పారిస్ క్లబ్బు 22.2 కోట్ల యూరోలు చెల్లించి ఎగరేసుకుపోయింది. అంత డబ్బు చేతికొచ్చిందని లోకమంతటికీ తెలిసిన క్లబ్బు బజారుకు వెళ్తే ధరలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. డెంబేలేకు 10.5 కోట్లు, ఆపైన అదనపు షరతుల మొత్తాలు. 2018 జనవరిలో కౌటిన్యోకు 12 కోట్లు, మరో 4 కోట్ల వరకు షరతులు. 2019 జులైలో గ్రీజ్‌మన్‌కు 12 కోట్లు. ఇక్కడొక సాంకేతిక విషయం చెప్పాలి. ఆటగాడిని కొన్న రుసుమును క్లబ్బులు ఒకే ఏడాది ఖర్చుగా రాయవు, ఒప్పంద కాలానికి సమంగా పంచి రాస్తాయి. గ్రీజ్‌మన్ ఒప్పందం అయిదేళ్లది కనుక ఏటా 2.4 కోట్ల యూరోలు ఆయన పేరిట ఖర్చు పద్దులో పడుతూనే ఉంటాయి. ఆయన గోలు కొట్టినా, బెంచీ మీద కూర్చున్నా ఆ పద్దు ఆగదు, జీతం వేరే. ఇలాంటివారు జట్టులో నలుగురైదుగురు పోగయ్యాక, 2020 మార్చిలో కరోనా వచ్చి మైదానం గేట్లు, మ్యూజియం గేట్లు ఒకేసారి మూతపడ్డాయి.

లీగు పరిమితి అనేది ఎవరో పగతో వేసిన అంకె కాదు. రాబోయే ఏడాది రావలసిన ఆదాయంలోంచి ఆటేతర ఖర్చులూ, తీర్చవలసిన అప్పు వాయిదాలూ తీసివేయగా మిగిలినదే జట్టు మీద పెట్టదగిన సొమ్ము. ఆ లెక్కన బార్సెలోనా పరిమితి 2019-20లో 67.1 కోట్ల యూరోలు, 2020-21లో సుమారు 38.3 కోట్లు, 2021 సెప్టెంబరు నాటికి 9.8 కోట్లు. సరిగ్గా ఈ జారుడు మధ్యలో, 2020 అక్టోబరులో, అప్పటి అధ్యక్షుడు బార్తొమేవ్ చేసిన పని చూడండి. పికే, టెర్ స్టెగన్, డి యాంగ్, లాంగ్లేల ఒప్పందాలను పొడిగించి, ఆ ఏడు తగ్గించుకున్న జీతాన్ని రాబోయే ఏళ్ల మీదికి నెట్టారు. వారం తిరిగేసరికి తాను రాజీనామా చేసి తప్పుకున్నారు. చిట్టీని మొదటి నెలలోనే పాడుకుని, ఎత్తిన డబ్బు ఖర్చుచేసి, మిగతా కిస్తీలు తమ్ముడి పేరు మీద రాసిపోయే అన్నలను మా వరంగల్‌లో చాలామందిని చూశాం. ఆ కిస్తీలు కట్టవలసిన ఏడాది మెస్సీ ఒప్పందం ముగిసింది. 2021 ఆగస్టు 16న లాపోర్తా వెల్లడించిన అప్పు 135 కోట్ల యూరోలు.

మెస్సీ వైపు లెక్క కూడా దాచకూడదు. నాలుగేళ్ల పాత ఒప్పందం విలువ గరిష్ఠంగా 55.5 కోట్ల యూరోలని స్పెయిన్ పత్రిక ఎల్ ముందో 2021 జనవరిలో బయటపెట్టింది. దాన్ని ఆయన దొంగతనంగా పొందలేదు, క్లబ్బు ఇస్తానంది, ఆయన పుచ్చుకున్నారు; 778 ఆటల్లో 672 గోలులు కొట్టినవాడి ధర అది. కానీ ఒకరికి అంత పెంచితే పక్కవాడు ఊరుకోడు. ప్రతి ఏటా మిగతావారి జీతాలు ఆయన జీతాన్ని చూసే పెరిగాయి. 2020 ఆగస్టులో ఆయనే వెళ్లిపోతానని రిజిస్టర్డ్ నోటీసు పంపినప్పుడు, వెళ్లాలంటే 70 కోట్ల యూరోలు కట్టాలనే షరతు చూపించి ఆపిన క్లబ్బు ఏడాది తిరగకుండా ఒక్క యూరో దక్కకుండా పంపింది. ఆనాడే బేరమాడి పంపి ఉంటే బాగుండేదని వాదించేవారు మా చాయ్ బండి దగ్గర ఒక్కరూ లేరు. అభిమానులు కదా.

లాపోర్తా మోసం చేశాడనే మొదటి వర్గం మాటలో నాకు కొంత నిజం కనిపిస్తుంది. 2021 మార్చి ఎన్నికల్లో, మెస్సీని నిలుపుకోగలవాడిని నేనేనన్న భరోసాతో ఆయన సభ్యుల ఓట్లు అడిగారు. ఎన్నికల హామీలకు మనం కొత్తవాళ్లమా? కానీ అదే ఎన్నికలో ఇంకొక విషయం ఉంది, దాన్ని మన పత్రికలు పట్టించుకోలేదు. సభ్యులే యజమానులైన ఆ క్లబ్బులో, గెలిచిన పాలకవర్గం పదవి చేపట్టే ముందు బడ్జెట్టులో 15 శాతానికి తమ పూచీ మీద బ్యాంకు గ్యారంటీ చూపాలనేది అక్కడి అప్పటి చట్టం. లాపోర్తా బృందం 12.46 కోట్ల యూరోల గ్యారంటీ తెచ్చాకే కుర్చీ ఎక్కింది. నష్టం వస్తే తమ మెడకు చుట్టుకుంటుందని తెలిసిన మనిషి, ఒకే ఆటగాడి కోసం నిబంధనను ధిక్కరించడం కష్టం.

మూడో వర్గం అడిగే ప్రశ్నల్లో ఒకటి మాత్రం బలమైనది: స్పెయిన్ క్లబ్బులను ఇలా కట్టేసి, పారిస్‌లో ఖతార్ సొమ్ముతో ఎంతైనా పెట్టనిస్తే న్యాయమేనా? ఆగస్టు 10న మెస్సీ చేరింది అక్కడికే. ఆ అసమానత నిజం. ఆ తరువాత యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య కూడా జట్టు ఖర్చును ఆదాయంలో 90, 80, చివరకు 70 శాతానికి దించే నియమం తెచ్చింది. అంటే స్పెయిన్ లీగు ముందే నడిచిన దారిలోకే మిగతావారూ వస్తున్నారు. బార్సెలోనా మాత్రం 2022లో లీగు టీవీ ఆదాయంలో నాలుగో వంతును 25 ఏళ్లకు అమ్ముకుని కొత్త ఆటగాళ్లను కొన్నది. 2023లో, 2025లో లీగు గెలిచింది గనుక దాన్ని చాకచక్యమంటున్నారు. నాకైతే అది బార్తొమేవ్ పద్ధతికి పెద్ద అన్నలా కనబడుతుంది.

ఇక నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం. ఉప్పల్‌లో అంత జనం మెస్సీని చూసి కేరింతలు కొట్టిన రాత్రికి, ఇండియన్ సూపర్ లీగు (ఐఎస్‌ఎల్)లో హైదరాబాదు పేరున ఒక్క జట్టూ లేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఆ లీగు ఫైనల్లో, సాహిల్ తవోరా 88వ నిమిషంలో సమం చేయగా, లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీల్లో మూడు షాట్లు ఆపి కేరళ మీద గెలిపించిన హైదరాబాద్ ఎఫ్‌సీని మన కుర్రాళ్లే మరచిపోయారు. ఆ ఏడు 18 గోలులతో లీగులో అందరికన్నా ముందు నిలిచిన బార్తలోమ్యూ ఒగ్బెచే, చిత్రంగా, మెస్సీ తరువాత చేరిన పారిస్ క్లబ్బులోనే కుర్రతనంలో ఆడినవాడు. 2020లో ఇక్కడి కోచ్ పదవి వదిలి వెళ్లిన ఆల్బెర్ట్ రోకా చేరింది మెస్సీ చివరి ఏటి బార్సెలోనా శిక్షక బృందంలోనే. ఇంత బంధం ఉన్న మన జట్టుకు ఏమైంది? 2023-24లో జీతాల బకాయిలు పేరుకుపోయాయి. బాకీ తీర్చనందుకు కొత్త ఆటగాళ్లను నమోదు చేయరాదని ఫిఫా నిషేధించింది. ఒగ్బెచే, కోచ్ మనోలో మార్కెజ్, ఆకాశ్ మిశ్రా ముందే వెళ్లిపోగా, చింగ్లెన్‌సనా, నిఖిల్ పూజారి, యాసిర్ సీజను మధ్యలోనే సర్దుకున్నారు. మిగిలిన పిల్లలతో 22 ఆటలు ఆడి ఒకే ఒక్కటి గెలిచారు. 2025లో ఆ క్లబ్బు పేరు సైతం మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

మన లీగులోనూ అప్పట్లో జీతాల పరిమితి ఉండేది. కాని అది అన్ని క్లబ్బులకూ ఒకే అంకె. ఆ అంకె ఇవ్వగల స్తోమత ఫలానా క్లబ్బుకు ఉందా లేదా అన్నది సీజను మొదలయ్యే ముందు కచ్చితంగా తేల్చే కట్టుదిట్టం అందులో లేదు. ఒక క్లబ్బు నీ జీతం నేను ఇచ్చుకోలేనని ముందే చెప్పి మెస్సీ అంతటివాణ్ని సాగనంపింది. మరొకటి ఇస్తానని సంతకం చేసి ఇవ్వలేదు. ఈ రెంటిలో మన అభిమానుల ఆగ్రహం మొదటిదాని మీదే ఎందుకు కురుస్తున్నదో వారే ఆలోచించుకోవాలి. మొదటి దాంట్లో మెస్సీకి పారిస్ దొరికింది. రెండో దాంట్లో, జీతం మీదే ఇల్లు నడిచే యువ ఆటగాడికి ఏం దొరుకుతుంది?

మెస్సీ ఉప్పల్ వచ్చి వెళ్లిన మరునాటికి, అంటే డిసెంబరు 14కు, పదమూడేళ్ల ఆ పిల్లవాణ్ని తీసుకుంటామని బార్సెలోనా అధికారి కార్లెస్ రెషాక్ చేతికందిన కాగితపు రుమాలు మీద రాసిచ్చి సరిగ్గా పాతికేళ్లు. ఆ రుమాలు 2024 మేలో 7,62,400 పౌండ్లకు వేలంలో పోయింది. రుమాలు మీద రాసిన మాటనైనా నిలబెట్టిన కాలమది. మన దగ్గర స్టాంపు కాగితాల మీది సంతకాలకే దిక్కు లేకపోయింది.

కనుక రాష్ట్ర ప్రభుత్వానికి, క్రీడా ప్రాధికార సంస్థకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. రేపు ఏ పెట్టుబడిదారుడైనా ఐఎస్‌ఎల్ స్థాయి క్లబ్బు పెడతానని వస్తే సంతోషమే. అయితే గచ్చిబౌలి మైదానాన్ని అతనికి కేటాయించే ఒప్పందంలోనే, ఆ ఏటి ఆటగాళ్ల, సిబ్బంది జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ ముందుగా జమ చేయాలని, మూడు నెలలు జీతం ఆగితే దాంట్లోంచి నేరుగా వారికే చెల్లించాలని ఒక షరతు చేర్చండి. మైదానం ప్రజలది గనుక ఈ షరతు పెట్టడానికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు. ఆ క్లబ్బు ఏటా తన జమాఖర్చులను తెలుగులో, అభిమానులు చదువుకునేలా ప్రచురించాలని కూడా చేర్చగలిగితే మరీ మంచిది. చాయ్ బండి దగ్గర వాదించుకోవడానికి మా కుర్రాళ్లకు ఆ కాగితం చేతిలో ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ.