నీళ్లొచ్చేలోపు

తిరుపతి,
ఆదివారం రాత్రి, పన్నెండు దాటింది.

ఒరేయ్ మామా,

ముందు తిట్టు, ఆ తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాద్దామని మూడుసార్లు కాగితం తీశాను. ఒకసారి పరీక్ష పేపర్లు అడ్డొచ్చాయి, ఒకసారి అమ్మ కంటి ఆపరేషను. బాగా జరిగింది, ఇప్పుడు సూదిలో దారం తనే ఎక్కిస్తోంది. చిన్నది ఆరో తరగతికి వచ్చింది. పాత స్కూటరు అమ్మేశాను, నువ్వు బాధపడతావని తెలుసు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు. కబుర్లు అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. వాట్సాప్‌లో వాయిస్ పెడదామని మొదలుపెట్టి రెండుసార్లు ఆపేశాను, గొంతు సరిగ్గా రాలేదు. మా సందులో నాలుగున్నరకి కొళాయి వస్తుంది. ఎటూ నిద్ర పట్టేలా లేదు, అందాకా రాస్తాను.

నాటకం వేశాం మామా! నిన్న రాత్రి, మా సందు వినాయకుడి పందిట్లో. పదకొండేళ్ల తర్వాత మొహానికి రంగు పూసుకున్నాను. మూడో గంట కొట్టగానే నువ్వు పక్కన ఉన్నావేమోనని తిరిగి చూశాను. నువ్వుంటే కచ్చితంగా "చెప్పు విప్పావా?" అని అడిగేవాడివి.

కథ నీదే. నువ్వు అమెరికాలో, ట్రాయ్‌లో ఉన్న రోజుల్లో మంచులో కారు దిగబడిందని ఫోన్ చేశావు, గుర్తుందా? మాటల్లో మాటగా, "ఇక్కడికి గంట దూరం కూడా లేదు మామా, ఊరు ఊరంతా కొళాయి నీళ్లు తాగలేకపోతోంది" అన్నావు. ఆ ఊరి పేరు ఫ్లింట్. ఆ ముక్క నా బుర్రలో అలాగే ఉండిపోయింది. మొన్న ఎండాకాలం సెలవుల్లో కూర్చుని దొరికిందల్లా చదివాను. చదివేకొద్దీ అది నాటకంలాగే ఉంది.

మొదటి సీను నేను కల్పించింది కాదు. 2014 ఏప్రిల్ 25న డబ్బు ఆదా అవుతుందని డెట్రాయిట్ నుంచి వచ్చే నీళ్లు ఆపి, ఊళ్లో పారే ఫ్లింట్ నది నీళ్లు వదిలారు. బటన్ నొక్కారు. పెద్దలంతా గ్లాసులెత్తి ఊరికి శుభం పలికి ఆ నీళ్లే తాగారు. అక్కడ తెర తీశాం. ఆ గ్లాసెత్తిన అధికారి వేషం నాది. "నీళ్లు బాగున్నాయి. మా దగ్గర రిపోర్టు ఉంది." నాటకం మొత్తంలో నాకు నాలుగుసార్లు అదే డైలాగు. ఒక్కోసారి ఒక్కో తీరుగా అనాలి. మొదట సంతోషంగా, తర్వాత ఓపిగ్గా, తర్వాత విసుగ్గా. నాలుగోసారి ఎలా అనాలో రిహార్సల్స్‌లో ఎప్పుడూ తేలలేదు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందో తెలుసా? సీసం కనపడదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఆ ఊళ్లో పాత పైపుల్లో సీసం ఉంది. నీళ్లలో కొంచెం ఫాస్ఫేటు కలిపితే పైపు లోపల పొరలా పట్టుకుని సీసం నీళ్లలోకి దిగకుండా ఆపుతుంది. నది నీళ్లు అసలే పైపుల్ని తినేసే రకం, పైగా ఆ మందు కలపలేదు. జనం మీటింగులకి సీసాల్లో పట్టుకెళ్లి చూపించిన ఎర్రటి నీళ్లు తుప్పు నీళ్లు. సీసం మాత్రం తేటగా ఉన్న నీళ్లలో కూడా ఉండొచ్చు. కనపడని దాన్ని స్టేజీ మీద ఎలా చూపిస్తాం? నెల రోజులు ఈ ఒక్క ముక్క మీదే కొట్టుకున్నాం. చివరికి పెద్దది అంది, "చూపించొద్దు నాన్నా, డాక్టరు చేత లెక్క చదివిద్దాం" అని. డాక్టరు వేషం తనదే. మోనా హన్నా-అటీషా అనే పిల్లల డాక్టరు 2015 సెప్టెంబరులో లెక్కలు బయటపెట్టింది. ఆ తర్వాత అచ్చయిన ఆమె అధ్యయనం ప్రకారం, రక్తంలో సీసం ఎక్కువున్న చిన్నపిల్లలు అంతకుముందు నూటికి 2.4 మంది ఉంటే, నీళ్లు మారాక 4.9 అయ్యారు. ముందు అధికారులు ఆమెదే తప్పన్నారు, అనవసరంగా భయపెడుతోందన్నారు. తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. నీళ్లు మారిన ఆరు నెలలకే అక్కడి ఇంజిన్ల ఫ్యాక్టరీ, ఈ నీళ్లకి మా సామాను తుప్పు పడుతోందని వేరే నీళ్లు తెచ్చుకుంది. ఇనుముకి పనికిరావని తేలిన నీళ్లని ఇంకో ఏడాది పసిపిల్లల పాలపొడిలో కలిపారు మామా. ఈ మాట పందిట్లో చెప్పినప్పుడు ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు "అయ్యో" అనడం స్టేజీ మీదికి వినపడింది.

సరే, సీసా సంగతికి వస్తాను.

తల్లి వేషానికి ఎవరూ దొరకలేదు. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న అక్క లేదూ, నీ తెల్ల ప్యాంటు కాల్చి, డబ్బులు తీసుకోనని నీతో పోట్లాడిందే, ఆమె "నేను జేస్తా సార్" అంది. చదవడం అంతగా రాదు. నేను రెండుసార్లు చదివితే మూడోసారికి మొత్తం అప్పజెప్పేసింది. మన ప్రాంప్టరు మహానుభావుడికి పనే లేకుండా పోయింది.

తుప్పు నీళ్లు కావాలి కదా. టీ డికాషన్ పోశాం, లైట్ల కింద టీలాగే ఉంది. ఎర్రమట్టి కలిపాం, పది నిమిషాల్లో అడుక్కి పోయింది. అక్క చూసి, "మీరు ఊరికే ఉండండి సార్, నేను తెస్తా" అంది. నేను ఇంకేమీ అడగలేదు. బొగ్గుల బూడిదో ఏదో కలుపుతుందిలే అనుకున్నాను.

నిన్న మూడో సీను. అధికారి బల్ల ముందుకి తల్లి వస్తుంది. కొంగు చాటు నుంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. లీటరు కూల్‌డ్రింక్ సీసా, కాగితం పీకేసింది, జిగురు మరక ఇంకా అలాగే ఉంది. లోపల నీళ్లు పచ్చగా కాదు, ఎర్రగా కాదు, బియ్యం కడిగిన నీళ్లలో కొంచెం మురుగు కలిపితే ఎలా ఉంటాయో అలా ఉన్నాయి. పైన సన్నగా నురగ. మూత తీసింది. వాసన వచ్చింది. నాకు ఆ వాసన తెలుసు. వాన పడిన మర్నాడు మా కొళాయి దగ్గర మొదటి బిందెలో వచ్చే వాసన.

రాసిన డైలాగు, "అయ్యా, మా పాప ఈ నీళ్లే తాగుతోంది" అని. ఆమె అది అనలేదు. నా కళ్లలోకి చూసి, "సార్, ఇవి ఫ్లింటు నీళ్లు గాదు. ఈ పొద్దు తెల్లారి మా కొళాయిలో పట్టినా. పోయినేడు మా పిల్లోడు ఇవే తాగినాడు. నెల దినాలు పచ్చకామెర్లతో మంచంలో ఉండినాడు. పరీచ్చలు బోయినాయి. బాగుండాయని రాసిచ్చినోళ్లు ఒక గ్లాసు తాగతారా?" అంది.

పందిరంతా ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయింది. పక్క సందులో మైకు పాట మాత్రం వినపడుతోంది.

నేను చెప్పాల్సింది నాలుగోసారి డైలాగు. నీళ్లు బాగున్నాయి, మా దగ్గర రిపోర్టు ఉంది. నోరు తెరిచాను. మామా, రాలేదు. మర్చిపోయి కాదు. పక్కనుంచి మన ప్రాంప్టరు అందిస్తూనే ఉన్నాడు. ఆ పిల్లవాడు నా క్లాసులోనే ఉన్నాడు. నెల రోజులు రాకపోతే హాజరు పట్టీలో గైర్హాజరు రాసింది నేనే. ఒక్కసారైనా ఇంటికెళ్లి చూడలేదు. పాఠం చెప్పేది నీటి కాలుష్యం గురించి, బోర్డు మీద బొమ్మ కూడా గీస్తాను, కానీ మా సందు నీళ్లు ఒక్కనాడూ పరీక్ష చేయలేదు. మాకు ఇరవై లీటర్ల క్యాను వస్తుంది కదా, అదీ సంగతి.

చివరికి గ్లాసు బోర్లించి లేచి నిలబడ్డాను. నాటకంలో అది లేదు. పెద్దది గ్రహించి డాక్టరు సీనుతో లోపలికి వచ్చేసింది. నాటకం ఎలా పూర్తయిందో నాకు సరిగ్గా గుర్తులేదు. చప్పట్లు కొట్టారట.

అయ్యాక మేకప్ తుడుచుకుంటుంటే మా సందుకి వాల్వు తిప్పే అన్న వచ్చాడు. కోపంగా వచ్చాడేమో అనుకున్నాను. చేతులు కట్టుకుని నిలబడి, "సార్, ఒక మాట. పైపు మురుక్కాలవ లోపల్నించి పోతా ఉండాది. రెండు చోట్ల చిల్లి. నేను చెప్పాల్సినోళ్లకి చెప్పినా" అన్నాడు. తర్వాత అతను చెప్పింది నాకు సైన్సు పుస్తకంలో కూడా ఇంత తేలిగ్గా అర్థం కాలేదు. నీళ్లు వస్తున్నంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది, చిల్లి ఉంటే నీళ్లు బయటికే పోతాయి. నీళ్లు ఆపగానే లోపల ఖాళీ. "ఖాళీ పైపు ఊరికే ఉండదు సార్, పక్కన ఏముంటే అది పీలుస్తాది." మళ్లీ వదిలినప్పుడు ఆ పీల్చుకున్నది మొదటి బిందెలో దిగుతుంది. రోజు మార్చి రోజు వచ్చే ఊళ్లో అలా ఎన్నిసార్లో లెక్కేసుకో. కల్యాణి డ్యాం నుంచి రానీ, తెలుగుగంగ నుంచి రానీ, అక్కడ ఎంత శుభ్రం చేసినా చివరి నూరు గజాల్లో ఇలా అయిపోతే ఏం లాభం?

వెళ్లబోతూ ఆగి అన్నాడు, "ఇండ్లల్లో మోటర్లు బెట్టి లైను నించి లాగతారు గదా సార్, అప్పుడు ఇంకా గట్టిగా పీలుస్తాది."

మా ఇంట్లో మోటారు ఉంది మామా. మూడేళ్ల నుంచి. పైఅంతస్తుకి ఎక్కదని నేనే బిగించాను. మేము మోటారు వేసినప్పుడల్లా సందు చివర అక్క కొళాయికి ఏం వెళ్లిందో

ఇది పూర్తిచేయలేను, వదిలెయ్.

నిన్న రాత్రి పదకొండింటికి ఆ సీసాలో నీళ్లు తెచ్చి స్కూలు కిట్టులోని చిన్న పరీక్ష సీసాలో గీత దాకా పోసి, ఊపి, వంటింటి గట్టు మీద పెట్టాను. అందులో పొడి ఉంటుంది. మలినం కలిసి ఉంటే ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటల్లో నల్లగా మారుతుంది. సీసం లాంటివి ఇది చెప్పదు, వాటికి ల్యాబుకే పంపాలి. పక్కనే క్యాను నీళ్లతో ఇంకొకటి పెట్టాను, పోల్చుకోవడానికి. పొద్దుటినుంచి పదిసార్లు చూశాను. అమ్మ, "పాలు కాస్తున్నావా ఏందిరా?" అంటోంది. మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. సాయంత్రం అడుగున కొంచెం బూడిద రంగు. ఇప్పుడే లేచి వెళ్లి చూసొచ్చాను. క్యానుది అలాగే ఉంది. అక్కది సిరా పోసినట్టు ఉంది.

రేపు స్కూల్లో ఎనిమిదో తరగతికి ఇంకో పది సీసాలు ఇచ్చి, తలా ఒక ఇంటి నీళ్లు తెమ్మంటాను. ఫ్లింట్‌లో కూడా జనమే ఇంటింటికీ తిరిగి నీళ్లు పట్టి పంపారు, అప్పుడే కదిలింది. నువ్వు ఎప్పుడొస్తున్నావు? దసరాకి రా. ఈ నాటకం మళ్లీ వేస్తాం, ఈసారి అధికారి వేషం నువ్వు వెయ్యాలి, నాలుగో డైలాగు నువ్వు ఎలా అంటావో నేను చూడా

నీళ్లొచ్చాయి. పక్కింట్లో అప్పుడే మోటారు వేసేశారు. గోడ దగ్గరికెళ్లి పిలవాలి, లేపినా సరే. ఉంటాను.

నీ,
మూడో గంట