మీ వీఎం పడిపోతే ఇకపై మాకూ తెలుస్తుంది

బెంగళూరు మారతహళ్లిలోని మా చిన్న హోస్టింగ్ షాపులో వీఎంలు (వర్చువల్ మెషిన్లు, అంటే మా సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో విడదీసి ఇచ్చే కంప్యూటర్లు) తీసుకున్న అందరికీ నమస్కారం. "మా సర్వర్ పడిపోతే మేం ఫోన్ చేసేదాకా మీకు తెలియదా?" అని మీలో చాలామంది అడిగారు. తెలిసేది కాదు. లోపల కెర్నల్ పానిక్ అయినా, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కోలుకోలేని లోపంతో ఆగిపోయినా, బయటి నుంచి చూస్తే వీఎం 'రన్నింగ్' అనే కనిపిస్తుంది. పింగ్‌కు (ఉన్నావా అని నెట్‌వర్క్ మీద వేసే పలకరింపుకు) జవాబు రాకపోతే తప్పు నెట్‌వర్క్‌దా, ఫైర్‌వాల్‌దా, మెషిన్‌దా అన్నది తేలదు. కన్సోల్ (ఆ వీఎం స్క్రీన్) తెరిస్తేనే 'కెర్నల్ పానిక్ - నాట్ సింకింగ్' అన్న లైను బయటపడేది.

ఇప్పుడు లినక్స్ వీఎంలన్నిటికీ పీవీపానిక్ అనే, పానిక్ కబురు బయటికి మోసే పరికరం తగిలిస్తున్నాం. పేరుకే పరికరం, కార్డూ లేదు, వైరూ లేదు. పానిక్ అయిన క్షణాన కెర్నల్ హెక్సాలో (16 ఆధారంగా లెక్కించే అంకెల్లో) 505 అనే పోర్టుకు (నెట్‌వర్క్ పోర్టు కాదు, పరికరం చిరునామా) ఒక్క బైటు రాస్తుంది, హోస్ట్‌లో (మా అసలు సర్వర్‌లో) వీఎంలను నడిపే క్యూఎము దాన్ని పట్టుకుంటుంది, మా ఫోన్లు మోగుతాయి. దీని డ్రైవర్ 2013 నుంచి లినక్స్‌లోనే ఉంది. విండోస్ వీఎంల విషయంలో ఇంకాస్త నయం. బ్లూ స్క్రీన్ కోడు, దాని నాలుగు పారామీటర్లు మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వీ పద్ధతిలో మా లాగ్‌లోకి వచ్చేస్తాయి. లినక్స్ మాత్రం పోయానని చెబుతుంది, ఎందుకు పోయిందో చెప్పదు.

ఎందుకో తెలియాలంటే మెమరీ డంప్ తీయాలి, అంటే మెమరీలో ఉన్నదంతా ఫైలుగా కాపీ చేయాలి. నాకు మనసొప్పనిది అక్కడే. 16 జీబీ వీఎంను డంప్ చేస్తే ఆ క్షణాన మెమరీలో ఉన్న పాస్‌వర్డులు, మీ క్లయింట్ల పాన్ నంబర్లు, సగం కొట్టిన ఇన్‌వాయిస్ అన్నీ మా డిస్కులోకి వచ్చిపడతాయి. వీఎంలను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే డంప్ దానంతటదే తీసి రీస్టార్ట్ కూడా చేసేస్తుంది, మాకూ పని తగ్గుతుంది. అయినా ఆన్ చేయలేదు. మీరు మెయిల్‌లో అడిగితేనే తీస్తాం, మీకు అప్పగించి మా దగ్గరది చెరిపేస్తాం. కారణం తేలడం ఆలస్యమైతే కానివ్వండి.

వెబ్‌సైట్ వీఎంలు పడిన వెంటనే రీస్టార్ట్ అవుతాయి. డేటాబేస్ ఉన్నవాటిని మాత్రం పడినవి పడినట్టే ఉంచి మీకు ఫోన్ చేస్తాం. 20వ తేదీ జీఎస్టీ రిటర్నుల టెన్షన్‌లో ఉన్న ఆడిటర్ గారిని అర్ధరాత్రి లేపడం నాకేం సరదా కాదు. కానీ ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్న మెషిన్‌ను అదే పనిగా లేపుతూ పోతే మిగిలిన డేటా కూడా పోవచ్చు.

పానిక్ కాకుండా ఊరికే బిగుసుకుపోయిన మెషిన్ నుంచి ఈ కబురు రాదు. దానికి వాచ్‌డాగ్ (మెషిన్ స్పందించడం మానేస్తే పట్టుకునే టైమర్) విడిగా పెట్టుకోవాలి. కేడంప్ (పానిక్ అయితే వీఎం లోపలే డంప్ తీసే ఏర్పాటు) వాడుతున్నవాళ్లు ఒకటి గమనించండి: మామూలుగా ముందు కేడంప్ కెర్నలే లేస్తుంది, మాకు కబురు అందదు. బూట్ పారామీటర్ ఒకటి చేర్చాలి, టికెట్ పెడితే మేమే చేసిపెడతాం.

ఈ మార్పు మీ వీఎంకు పట్టాలంటే లోపలి నుంచి రీబూట్ కొడితే చాలదు. వీలు చూసుకుని పూర్తిగా షట్‌డౌన్ చేసి, మా ప్యానెల్‌లో మళ్లీ స్టార్ట్ నొక్కండి.