వారానికి నాలుగు గంటలు ఇప్పించండి: తెలంగాణ ఉన్నత విద్యామండలి చైర్మన్ గారికి బహిరంగ లేఖ

చైర్మన్ గారికి నమస్కారం.

బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) విద్యార్థులకు క్రీడా శాస్త్రం థియరీ చెప్పడం ఒక ఎత్తు, ప్రాక్టికల్ చేయించడం ఇంకో ఎత్తు. సెక్షన్లో 50 మంది, మధ్యలో ఒక్క స్కిన్‌ఫోల్డ్ క్యాలిపర్ (చర్మం మడత మందం కొలిచి ఒంట్లో కొవ్వు అంచనా వేసే పరికరం) అనుకోండి. మనిషికి 6 నిమిషాల చొప్పున రెండు గంటల ల్యాబ్‌లో 20 మందికే అందుతుంది. రికార్డు బుక్కుల్లో మాత్రం 50 మంది రీడింగులూ ఉంటాయి. ఎలా వస్తాయో మీకు చెప్పనక్కర్లేదు.

దీనికి దారి యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లోనే ఉంది. రీసెర్చ్ స్కాలర్లకు వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబ్, మూల్యాంకనం పనులు అప్పగించవచ్చు. అందులో నాలుగు గంటలు మా ల్యాబ్‌లకు ఇప్పించమనే ఈ లేఖ. ఈ సబ్జెక్టు మీద ఇష్టంతో పరిశోధనకు వచ్చి, పాఠం చెప్పాలని ఉబలాటపడే స్కాలర్లను ఇన్విజిలేషన్‌కు వాడుకోవడం కన్నా వృథా లేదు.

వాళ్లు ఎందుకు కావాలో క్యాలిపర్‌తోనే చెబుతాం. భుజం ఎముక కొస నుంచి మోచేతి ఎముక కొస దాకా టేపు పెట్టి, కుడిచేయి వెనక సరిగ్గా సగంలో పెన్నుతో గుర్తు పెట్టాలి. అక్కడ ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కలిపి పట్టి, కండ నుంచి పైకి లాగాలి. వేళ్లకు 1 సెం.మీ. కింద క్యాలిపర్ వేసి, 2 సెకన్లు ఆగి చదవాలి. ఆ రెండు సెకన్లలో మడతను వదిలేస్తారు కొత్తవాళ్లు. ఇంకొందరు ఆలస్యంగా చదువుతారు, ఈలోగా కొవ్వు నొక్కుకుపోయి అంకె తగ్గుతుంది. కండ కూడా వేళ్లలో ఇరుక్కుందేమోనని అనుమానం వస్తే చేయి బిగించమనాలి, కండ ఉంటే జారిపోతుంది. ఇదంతా బోర్డు మీద రాసి నేర్పేది కాదు. పక్కన నిలబడి వేళ్లు సరిచేసేవాళ్లుండాలి.

ఖరీదైన యంత్రాలు కొనమని అడగడం లేదు. నిలువు గెంతు ఎత్తు కొలవడానికి ఫోన్‌లో తీసిన వీడియో చాలు. గాల్లో ఉన్న సమయాన్ని వర్గం చేసి, 9.81తో గుణించి, 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. 0.50 సెకన్లకు 30.7 సెం.మీ. అదే కుర్రాడు మోకాళ్లు మడిచి దిగితే 0.55 అవుతుంది, లెక్క 37.1 చూపిస్తుంది. 6 సెం.మీ. ఉత్తిపుణ్యానికే పెరిగిందన్నమాట! వీడియో సెకనుకు 30 ఫ్రేములైతే, ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా 4 సెం.మీ. తేడా. 240 ఫ్రేముల స్లోమోషన్‌లో అది అర సెంటీమీటరే.

బీప్ టెస్టుకూ (బీప్ మోగేలోగా 20 మీటర్ల దూరాన్ని అటూ ఇటూ పరిగెత్తే దమ్ము పరీక్ష) ఇదే గొడవ. మొదటి నిమిషం గంటకు 8.5 కి.మీ. వేగం, ఆపై నిమిషానికి, అంటే లెవెల్‌కు, అర కిలోమీటరు పెంపు. 20 మీటర్లను టేపుతో కాక అడుగులతో కొలిచి 19 దగ్గర కోన్ పెడితే, తొమ్మిదో లెవెల్లో 12.5 అని రాసుకున్న పిల్ల నిజంగా పరిగెత్తింది 11.9 మాత్రమే. జనవరి చలిలో చేసిన టెస్టును ఏప్రిల్ పదిగంటల ఎండలో చేసినదానితో పోల్చడం ఇంకో పొరపాటు.

మేం కోరే ఏర్పాటు ఇది. 50 మందిని అయిదు గుంపులు చేసి స్కిన్‌ఫోల్డ్, గెంతు, బీప్ టెస్టు, గుండె వేగం, సిట్ అండ్ రీచ్ (కూర్చుని ముందుకు వంగే పరీక్ష) అని అయిదు చోట్ల పెట్టాలి. చోటుకొక స్కాలర్. గుంపులు వారంవారం మారతాయి, స్కాలర్ మారరు. పదిమంది జంటలుగా పనిచేస్తారు కాబట్టి క్యాలిపర్లు అయిదు చాలు. రెండు గంటలు ల్యాబ్, రెండు గంటలు తయారీకి, రికార్డులు దిద్దడానికి: మొత్తం నాలుగే. రీడింగు తీసిన చోటే స్కాలర్ సంతకం పడాలి, ఇంటి దగ్గర నింపిన పేజీకి మార్కు ఉండకూడదు.

స్కాలర్ చేయి కూడా ముందు పరీక్షకు నిలబడాలి. 20 మందిని రెండేసిసార్లు కొలవాలి. రెండు రీడింగుల తేడాలను వర్గాలు చేసి కూడి, 40తో భాగించి, వర్గమూలం తీస్తే కొలత దోషం వస్తుంది. అది స్కిన్‌ఫోల్డ్ సగటులో 5 శాతం దాటితే ఇంకో వారం సాధన చేయాల్సిందే.

ఇది ఖాళీ పోస్టులకు బదులు కాదు. ఫెలోషిప్ లేని స్కాలర్లకు గంటల లెక్కన గౌరవ వేతనం ఇవ్వాలి, ఊరికే చేయించుకుంటే రెండో సెమిస్టర్‌కు ఎవరూ రారు. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుళ్లు ఖరారయ్యేలోగా యూనివర్సిటీలకు సర్క్యులర్ పంపగలరని మనవి.

ఇట్లు,
క్రీడా శాస్త్రం అధ్యాపకులు, రీసెర్చ్ స్కాలర్లు