ముందు ఒక్క లెక్క రానివ్వండి

సంపాదకుల గారికి,

హైస్కూలు పిల్లలు చదువులో వెనకబడితే ఇంట్లోనూ బడిలోనూ వాళ్లకు ముందుగా దొరికేది ఉపదేశమే. ‘శ్రద్ధ లేదు’ అని తేల్చేస్తాం. చాలామంది విషయంలో శ్రద్ధ తర్వాత పోయింది. అంతకుముందే, రెండు మూడు తరగతుల కింద రావాల్సిందేదో రాకుండా ఉండిపోయింది. అక్కణ్ణుంచి ప్రతి పాఠమూ అయోమయమే. అర్థంకానిదాని ముందు రోజూ గంటలకొద్దీ కూర్చోమంటే పెద్దవాళ్లమూ కూర్చోం.

కాబట్టి తెగిన చోటు వెతకాలి. తొమ్మిదో తరగతి అమ్మాయికి సమీకరణాలు రావడం లేదనుకోండి. 20 − (8 − 3) ఇచ్చి, బ్రాకెట్ విప్పి చేయమనండి. మధ్యలో నోరు మెదపకండి. 20 − 8 − 3 అని రాసి 9 తెచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఇప్పుడు బ్రాకెట్ లోపలిది ముందు చేయమనండి, 15 వస్తుంది. రెండు జవాబులెందుకు వచ్చాయో ఆమెనే చెప్పనివ్వండి. తీసేయాల్సింది 5, మనం 8 తీసేశాం, ఎక్కువ తీసిన 3 తిరిగి కలపాలి. అందుకే గుర్తు మారుతుంది. ‘మైనస్ ఉంటే గుర్తు మార్చు’ అని సూత్రం బట్టీ పట్టిస్తే వారానికే మరిచిపోతుంది.

తర్వాత అభ్యాసం. మొదటి లెక్క అన్ని మెట్లతో చేసి చూపించాలి. రెండోదానిలో చివరి మెట్టు, మూడోదానిలో చివరి రెండు మెట్లు ఖాళీగా వదలాలి. నాలుగోది మొత్తం తనే చేయాలి. ఆ తర్వాత ఇచ్చే అయిదు లెక్కల్లో నాలుగు వస్తే ముందుకు, రెండే వస్తే ఒక మెట్టు వెనక్కి. ఇక్కడే చాలామంది పొరపడతారు: ధైర్యం వస్తుందని మరీ తేలికైనవి ఇచ్చి చప్పట్లు కొడతారు. పదిహేనేళ్ల పిల్లలకు ఆ జాలి ఇట్టే తెలిసిపోతుంది, ‘నాకు ఇంతకన్నా రాదనుకుంటున్నారు’ అని. మెచ్చుకోవాలంటే చేసిన పనిని పేరుపెట్టి మెచ్చుకోండి: ‘జవాబును తిరిగి సరిచూశావు, బాగుంది.’

ఇంట్లో అబ్బాయితో ‘వెళ్లి చదువుకో’ అనే మాటకు అర్థం లేదు. ఏం చదవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే ఈపాటికి చదివేవాడు. ‘స్నానం కాగానే, ఈ బల్ల దగ్గర, సైన్సులో ఈ రెండు పేజీలు’ అని కాగితం మీద వాడిచేతనే రాయించండి. ఇరవై నిమిషాలు చాలు. ఫోను బోర్లా పెడితే సరిపోదు, వేరే గదిలో ఉండాలి. చివరి అయిదు నిమిషాలు పుస్తకం మూసి గుర్తున్నది రాయాలి, తర్వాత తెరిచి సరిచూసుకోవాలి. చదివిందే మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, అంతే. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లదే. అదే పాఠాన్ని మర్నాడు, మూడు రోజులకు, వారానికి ఇలాగే రాయిస్తే నిలుస్తుంది.

ఇన్ని మార్కులొస్తే ఇంత డబ్బు అనే బేరం వద్దు. మార్కులు పూర్తిగా పిల్లల చేతిలో ఉండవు. ఒకసారి తప్పితే బేరమూ చదువూ కలిసే పోతాయి.

తరగతిలో ప్రశ్న అడిగాక కనీసం మూడు సెకన్లు ఆగాలి. ఆగినట్టు అనుకుంటాం గానీ, విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలించిన తరగతుల్లో టీచర్లు ఆగింది సుమారు ఒక్క సెకనే. దిద్దిన పేపరు ఇచ్చేటప్పుడు ముందు వ్యాఖ్య ఇచ్చి, ఒకే రకం తప్పు దిద్దించి, మార్కులు మర్నాడు చెప్పడం మేలు. పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988 అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు. మార్కులు కూడా వేస్తే ఆ లాభం పోయింది. కళ్లన్నీ అంకె మీదే కదా!

ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అది తగ్గించి చదివించడం వృథా.

మూడు నాలుగు వారాలు ఇలా నడిపినా కదలిక లేకపోతే చూపు, వినికిడి పరీక్ష చేయించండి. ఒక పేరా పైకి చదివించి చూడండి. చదవడమే తడబడుతుంటే లెక్కల ట్యూషను ఒక్కటే చాలదు. తిండి, నిద్ర, స్నేహాలు కూడా మారిపోయి ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు. అప్పుడు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి.

ఇట్లు,
కొందరు హైస్కూలు ఉపాధ్యాయులు