నాన్నకి గడ్డం గీసిన తమ్ముడికి

నిన్న మధ్యాహ్నం నాన్నని ఊళ్లో తాతయ్య సమాధి పక్కనే పెట్టి వచ్చాం. మూడు రోజులుగా ఎవరి ఫోనూ ఎత్తలేదు, ఏమీ అనుకోకండి. నిద్ర లేదు, రాసేది ముందుది వెనకా వెనకది ముందూ అవుతుందేమో. ఇప్పుడు రాయకపోతే మళ్ళీ రాయను.

అక్కా బావలకీ, పదకొండు రోజులు ఐసీయూ బయట మెట్ల మీదే కాపురం పెట్టిన నా భార్యకీ థాంక్స్ చెబితే తిడతారు. అందుకని వదిలేస్తున్నా.

నేను చెప్పాల్సింది ఒక వార్డుబాయ్ గురించి. పేరు రాయొద్దన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. గుంటూరులో నాన్నని చేర్చిన మొదటి రోజు ఆయనకి తెలివుంది. గడ్డం తడుముకుని, అద్దం, రేజరు కావాలని అడిగారట. "రేపు గీస్తాలే తాతా" అన్నాడట ఈ అబ్బాయి. ఆ రాత్రే వెంటిలేటర్ పెట్టారు.

నాన్న శనివారం సాయంత్రం గడ్డం గీసుకుని, తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వంకీకి తగిలించేవారు. ఆదివారం ఆరాధనకి అది ముందస్తు పని. నలభై ఏళ్ళలో తప్పిన శనివారాలు నాకు గుర్తులేవు. ప్రభువు పిలిచింది కూడా శనివారం రాత్రే, తొమ్మిది దాటాక.

ఆ తర్వాత జరిగింది చెప్పుకుంటే సిగ్గు. కంపెనీ ఇచ్చిన అయిదు లక్షల ఇన్సూరెన్స్ ఉంది. ఉంటే ఏం? "రాత్రిపూట అప్రూవల్ రాదు సార్, బిల్లు క్లియర్ అయితేనే బాడీ" అని కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండా చెప్పింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. డబ్బు కట్టమనడానికి అర్ధరాత్రి మనుషులుంటారు గానీ, అప్రూవల్ ఇవ్వడానికి ఒక్కరూ ఉండరు, అదీ సంగతి. చివరికి మూడు క్రెడిట్ కార్డులు గీకాను. అప్పటికి రెండున్నర.

పైకెళ్లేసరికి ఆ అబ్బాయి తెర లాగి, మగ్గులో వేడినీళ్ళు పెట్టుకుని నాన్నకి గడ్డం గీస్తున్నాడు. ట్యూబుల ప్లాస్టర్ అంటుకున్న చోట తడిగుడ్డతో నానబెట్టి నానబెట్టి తీస్తున్నాడు, నొప్పి పుడుతుందేమో అన్నట్టు. నన్ను చూసి కంగారుపడ్డాడు. "రేపు గీస్తానని మాటిచ్చానన్నా. రోజూ రేపే అయింది."

పదకొండు రోజులు ఏడవని వాణ్ణి, ఆ మంచం కమ్మి పట్టుకుని కూలబడిపోయాను.

రెండువేలు చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దీనిక్కూడా తీసుకుంటే ఇంక నేను చేసిందేముందన్నా?"

నాలుగేళ్ళ కింద మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నప్పుడు గృహప్రవేశం కూడికలో నాన్న లేచి లూకా 12వ అధ్యాయం చదివారు. కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టుకుందాం అనుకున్న ఆ ధనవంతుడి కథ! మా మేనేజర్ కూడా వచ్చాడు ఆ రోజు. తల కొట్టేసినట్టయింది. చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు నాన్నతో.

తెల్లవారుతుండగా వ్యాను గుండ్లకమ్మ వంతెన దాటింది. ఈ నది పేరెత్తితే చాలు, నాన్న ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కథ మొదలుపెట్టేవారు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కానీ ఆ సాయం సాగినన్నాళ్ళూ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, కూటి కోసం వచ్చారని ఎవరూ అనకూడదని. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది ఈ నదిలో దిగారు. మా ముత్తాత తండ్రి వాళ్ళలో ఒకరని ఇంట్లో చెప్పుకుంటాం. నాన్న ఎప్పుడూ ఆ 2,222 దగ్గర ఆగేవారు కాదు, "ముందు పదిహేను నెలలు ఆగాడ్రా" అనేవారు. నేను ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి.

మిషన్ స్కూల్లో పంతులుగా రిటైరైన మనిషి. బీరువాలో దొరికింది ఒక బైబిలు, ఇస్త్రీ చొక్కాలు, ఒక చిన్న డైరీ. పిల్లల పదో తరగతి పరీక్ష ఫీజులు ఎవరికి ఎంత కట్టారో రాసి ఉంది. తిరిగొచ్చినవి రాసుకునే గడి లేదు. నేనైతే ఎక్సెల్ షీటు పెట్టేవాణ్ణి.

రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళ పేర్లే అడగలేదు, తప్పయింది. చిలకలూరిపేట దగ్గర బండి ఆపి మాచేత బలవంతంగా టీ తాగించిన డ్రైవర్ అన్నకి, పాస్టర్ గారికి, వంట చూసుకున్న స్త్రీల సమాజం అమ్మలకి, జనరేటర్ తెచ్చిన నాన్న పాత స్టూడెంట్‌కి వందనాలు. ఆదరణ కూడిక శుక్రవారం సాయంత్రం మా ఊరి గుడిలో, రండి.

అయ్యో, మెట్ల దగ్గర దుప్పటి ఇచ్చిన సెక్యూరిటీ బాబాయ్‌ని మర్చేపోయా. బాబాయ్, ఆ దుప్పటి మా కారు డిక్కీలోనే ఉంది. ఉతికి తెచ్చిస్తాను.