పతకాల పట్టికలో కిందికి జారిన రైసా స్మెటానినా

సంపాదకులు గారికి,

నమస్కారం. శీతాకాల ఒలింపిక్స్‌పై మీ క్రీడా పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసంతో పాటు, క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో (కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని మంచు మీద సాగే దూరపు పందేల్లో) పేరు పొందిన మహిళల పట్టికను కూడా ప్రచురించారు. మంచు పడడం ఎన్నడూ చూడని మా ప్రాంత పాఠకులకు ఈ ఆటను పరిచయం చేసినందుకు ముందుగా అభినందనలు. అయితే ఆ పట్టికను బంగారు పతకాల సంఖ్యను బట్టి పేర్చడంతో సోవియట్ క్రీడాకారిణి రైసా స్మెటానినా పేరు బాగా కిందికి పోయింది. వ్యాసంలోనైతే ఆమె ప్రస్తావనే లేదు. చాలాకాలం ఆడపిల్లలకు పరుగు పందేలు నేర్పిన వ్యాయామ ఉపాధ్యాయుడిగా, ఆ పేర్చిన పద్ధతి మీదే నాకు అభ్యంతరం ఉంది.

స్మెటానినా 1952 ఫిబ్రవరి 29న ఉత్తర రష్యాలోని కోమి ప్రాంతంలో, మోఖ్చా అనే పల్లెలో పుట్టారు. 1976లో ఇన్స్‌బ్రక్ ఒలింపిక్స్‌లో 10 కిలోమీటర్ల పందెంలోనూ రిలేలోనూ స్వర్ణం, 5 కిలోమీటర్లలో రజతం గెలిచారు. 1980లో లేక్ ప్లాసిడ్‌లో 5 కిలోమీటర్ల స్వర్ణం, రిలే రజతం. 1984లో సరయేవోలో రెండు రజతాలు. 1988లో కాల్గరీలో ఒక రజతం, ఒక కాంస్యం. 1992లో ఆల్బర్ట్‌విల్‌లో మళ్లీ రిలే స్వర్ణం ఆమెకు దక్కింది. మొత్తం నాలుగు స్వర్ణాలు, ఐదు రజతాలు, ఒక కాంస్యం. శీతాకాల ఒలింపిక్స్‌లో పది పతకాలు అందుకున్న మొదటి మహిళ ఆమే. వరుసగా ఐదు ఒలింపిక్స్‌లో ఒక్కసారి కూడా వట్టి చేతులతో తిరిగి రాలేదు. ఆమె పాల్గొన్న ఐదు ఒలింపిక్స్ కూడా లీపు సంవత్సరాల్లోనే వచ్చాయి, ప్రతిసారీ ఫిబ్రవరి 29కి ముందే ముగిశాయి. నాలుగేళ్లకోసారి వచ్చే పుట్టినరోజును ఐదుసార్లూ పతకంతోనే జరుపుకుని ఉంటారు.

బంగారాన్ని మాత్రమే లెక్కిస్తే కలిగే మొదటి పొరపాటు ఏమిటంటే, ఒక్కో తరానికి ఎన్ని అవకాశాలు దొరికాయన్నది లెక్కలోకే రాదు. 1976, 1980లలో ఈ క్రీడలో మహిళలకు ఉన్నవి మూడే పోటీలు: 5 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు, రిలే. పురుషులు అప్పటికే 50 కిలోమీటర్లు వెళ్తుండగా, మహిళలకు 20 కిలోమీటర్ల పందెం 1984లో గానీ రాలేదు. 1992 నాటికి పోటీలు ఐదయ్యాయి. అంటే స్మెటానినా ఐదు ఒలింపిక్స్‌లో కలిపి జరిగిన మహిళల పోటీలు 19. మీ పట్టికలో అగ్రస్థానంలో ఉన్న నార్వే క్రీడాకారిణి మారిట్ బ్యోర్గెన్ 2002 నుంచి 2018 వరకు పాల్గొన్నవీ ఐదు ఒలింపిక్సే గానీ, ఒక్కొక్క దాంట్లో ఆరు చొప్పున 30 పోటీలు జరిగాయి. బ్యోర్గెన్ సాధించిన 15 పతకాల ఘనతను తగ్గించాలన్నది నా ఉద్దేశం కాదు. రెండు వేర్వేరు కాలాలను ఒకే వరుసలో నిలబెట్టేటప్పుడు ఈ తేడాను ఒక్క వాక్యంలోనైనా పాఠకుడికి చెప్పవలసింది.

ఇక రజతం సంగతి. అప్పట్లో వ్యక్తిగత పందేల్లో క్రీడాకారిణులు ఒకరి తర్వాత ఒకరు నిర్ణీత వ్యవధితో బయలుదేరేవారు. పక్కన పోటీదారు ఎవరూ లేకుండా గడియారంతోనే పోటీ పడాలి. 1976లో 10 కిలోమీటర్ల పందెంలో స్మెటానినాకూ ఫిన్లాండ్‌కు చెందిన హెలెనా తకాలోకూ మధ్య తేడా ఒక్క సెకను కూడా లేదు. అదే ఒలింపిక్స్‌లో 5 కిలోమీటర్లలో వరుస తారుమారై, తకాలో మొదటి స్థానంలోనూ స్మెటానినా రెండో స్థానంలోనూ నిలిచారు. అరగంట పాటు మంచులో శ్రమించాక సెకనులో కొంత భాగం తేడాతో వచ్చిన పతకాల్లో ఒకటి పట్టికలో పేరును పైకి లేపి, మరొకటి లెక్కకే రాకపోవడం నాకు న్యాయంగా తోచడం లేదు.

ఆమె క్రీడాజీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది కాల్గరీ ఘట్టం. అంతకు ముందు స్కీయింగ్ అంటే మంచులో తీసిన రెండు సమాంతర గాడుల్లో, అడుగున పట్టు కోసం మైనం రాసిన స్కీలతో ఒక కాలితో తన్నుకుంటూ మరో కాలిపై జారుతూ ముందుకు సాగడమే. 1980ల నడిమి కాలంలో స్కేటింగ్ పద్ధతి వచ్చిపడింది. అందులో గాడులు ఉండవు, పట్టు మైనం ఉండదు; స్కీలను ఏటవాలుగా పెట్టి రెండు పక్కలకూ నెట్టుకుంటూ పోవాలి, చేతికర్రలు కూడా మరింత పొడవుగా ఉంటాయి. వేగం పెరుగుతుంది, వాడవలసిన కండరాలు మారుతాయి. ఏళ్ల తరబడి మట్టి మైదానంలో కబడ్డీ ఆడినవారిని మ్యాట్ మీద నిలబెట్టి, గెలిచి చూపించమన్నట్లే ఇది. మొదటిసారిగా రెండు పద్ధతుల్లోనూ పోటీలు జరిగిన కాల్గరీలో, 36 ఏళ్లు నిండబోతున్న స్మెటానినా పాత పద్ధతిలో 10 కిలోమీటర్ల రజతం, కొత్త పద్ధతిలో 20 కిలోమీటర్ల కాంస్యం గెలిచారు. ఆ కాంస్య పందెంలో ఆమె కంటే ముందు వచ్చిన తమారా తిఖోనోవా, అన్‌ఫీసా రెజ్త్సోవా ఇద్దరూ ఆమె దేశం వారే, ఆమె కంటే ఎంతో చిన్నవారే. మీ లెక్కలో ఈ రెండు పతకాలకూ విలువ సున్నా.

1976 రిలేలో ఆమెతో కలిసి పరుగు తీసిన గలీనా కులకోవా 1942లో పుట్టారు. 1992 రిలేలో ఆమె సహచరి యెలేనా వ్యాల్బే 1968లో పుట్టారు. ఇన్స్‌బ్రక్ స్వర్ణం నాటికి వ్యాల్బేకు ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆల్బర్ట్‌విల్‌కు వెళ్లేసరికి సోవియట్ యూనియనే లేదు. జట్టు ఒలింపిక్ జెండా కింద పోటీ చేసింది. దేశమే మారిపోయినా జట్టులో ఆమె స్థానం మారలేదు. 40 ఏళ్లు నిండడానికి రెండు వారాలు కూడా మిగలని రోజుల్లో ఆమె ఆ స్వర్ణం అందుకున్నారు.

సోవియట్ క్రీడా వ్యవస్థ ప్రభుత్వ పోషణలో నడిచిందని, ఆ జట్ల మీద ఉత్ప్రేరకాల మచ్చలు ఉన్నాయని కొందరు గుర్తు చేయవచ్చు. నిజమే, కులకోవా 1976లో ఒక కాంస్యాన్ని ముక్కులో వేసుకున్న మందు కారణంగా కోల్పోయారు, 1992 రిలే జట్టులోని మరో సహచరి ల్యుబోవ్ యెగోరోవా 1997లో ప్రపంచ పోటీల్లో అనర్హురాలయ్యారు. స్మెటానినా పది పతకాల్లో మాత్రం ఒక్కటీ వెనక్కి తీసుకున్నది కాదు.

ఇంత దూరపు సంగతి దేవరకొండలో కూర్చున్నవాడికి ఎందుకని మీరు అడగవచ్చు. మా తండాల నుంచి, పల్లెల నుంచి వచ్చి కాలువ కట్టల మీద తెల్లవారుజామున పరుగెత్తే ఆడపిల్లలకు పోటీలన్నీ అండర్-14, అండర్-17, అండర్-19 అంటూ వయసును బట్టి విడిపోయి ఉంటాయి. ఇంటర్ పూర్తయ్యే నాటికి ఇంట్లో సంబంధాలు చూడడం మొదలవుతుంది, ఆ పిల్ల బూట్లు అటక ఎక్కుతాయి. సీనియర్ విభాగం దాకా వెళ్లేవారు చాలా అరుదు. దూరపు పందేల్లో ఓర్పు ఏళ్ల సాధన మీదే పెరుగుతుందని, కులకోవా 37 ఏళ్లకు రజతం, బ్యోర్గెన్ 37 ఏళ్లకు, స్మెటానినా 39 ఏళ్లకు స్వర్ణం గెలిచారని తల్లిదండ్రులకు చెబితే, ఆ మాట ఉపాధ్యాయుడి నోట కంటే పత్రికలో అచ్చులో కనబడితేనే ఎక్కువ నమ్ముతారు. ఇరవై ఏళ్లకే ఆట ముగిసిందనుకునే ఇళ్లలోకి మీ పత్రిక వెళ్తుంది.

అందువల్ల ఇకపై ఇటువంటి పట్టికలు ప్రచురించేటప్పుడు స్వర్ణాల పక్కనే మొత్తం పతకాలు, పాల్గొన్న ఒలింపిక్స్ సంఖ్య, ఆ కాలంలో మహిళలకు ఉన్న పోటీల సంఖ్య, మొదటి పతకం, చివరి పతకం నాటి వయసు కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలదనుకుంటే ఫొటోను కొంచెం తగ్గించినా పాఠకులకు నష్టం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.