ఆరు గంటల గడువు ఎవరి కోసం?

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్లో తెరిచిన వాట్సాప్ ఆరు గంటలకోసారి దానంతటదే లాగౌట్ కావాలని టెలికాం శాఖ 2025 నవంబరు 28న ఇచ్చిన ఆదేశం గురించి మీ పత్రికలో చదివి వారం దాటింది. మా విశాఖ కురుపాం మార్కెట్లో రోజంతా కంప్యూటర్ ముందు ఆర్డర్లు రాసుకునేవాళ్లు బేరం మధ్యలో ఫోన్ తీసి మళ్లీ క్యూఆర్ స్కాన్ చెయ్యాలి. ఆ ఇబ్బంది నిజమే. నా బాధ వేరు.

నేను రైల్వే పెన్షనర్ని. మొన్న నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ కాపీ ప్రింట్ తీయించుకుందామని కంచరపాలెంలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లాను. జీమెయిల్ తెరిస్తే నాది రాలేదు. నాకు ముందు కూర్చుని వెళ్లిపోయిన అమ్మాయిది వచ్చింది. మార్కుల మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ వరసగా కనబడుతున్నాయి. లాగౌట్ చేసి యజమానికి చెబితే 'రోజూ ఇంతే సార్, వాళ్లే చూసుకోవాలి' అన్నాడు. డౌన్‌లోడ్స్ తెరిచి చూపించాడు. ప్రింట్ కోసం జనం వాట్సాప్‌లో పంపిన ఆధార్ కార్డులు, ఎప్పటివో, అలాగే ఉన్నాయి. మా మనవరాలు కూడా కాలేజీ అప్లికేషన్ అక్కడే పెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సింహాచలం కొండ మీద చెప్పుల స్టాండులో టోకెను ఎవరు తెస్తే చెప్పులు వాళ్లకే ఇచ్చేస్తారు, పేరు అడగరు. లాగిన్ కూడా అంతే. ఒకసారి పాస్‌వర్డు, ఓటీపీ కొట్టాక వెబ్‌సైటు ఆ బ్రౌజర్‌కి ఒక టోకెను ఇస్తుంది. అది ఉన్నంతసేపూ ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా వాళ్లే ఖాతాదారు. పైన ఇంటూ గుర్తు నొక్కి కిటికీ మూసేస్తే పనైపోయిందనుకుంటారు చాలామంది. టోకెను మాత్రం లోపలే ఉండిపోతుంది. బ్యాంకు సైటు మనం కొద్ది నిమిషాలు ఏమీ నొక్కకపోతే బయటికి నెట్టేస్తుంది, కానీ ఎన్నో ఖాతాల పాస్‌వర్డులు మార్చే లింకులు వచ్చి పడే మెయిలేమో వారాల తరబడి తెరిచే ఉంటుంది.

ఇంట్లో నా ఒక్కడి కంప్యూటర్‌కి ఆరు గంటలు మరీ తక్కువ. మాటిమాటికీ లాగిన్ అడిగితే జనం పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటర్‌కి అంటిస్తారు. నెట్ సెంటర్లోనేమో అదే ఆరు గంటల్లో ఎంతమంది కూర్చుని లేస్తారో ఆదేశం రాసినవాళ్లు ఒకసారి వచ్చి చూడాలి.

2011లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు నిబంధనలు పెట్టింది. క్యాబిన్ గోడ నాలుగున్నర అడుగులు మించకూడదు, వచ్చినవాళ్ల వివరాల రిజిస్టరు ఏడాది దాచాలి. గోడ ఎత్తు దాకా ఆలోచించినవాళ్లు, ఒకరు లేచాక ఆ సిస్టమ్‌ని శుభ్రం చేసే బాధ్యత కూడా యజమాని మీద పెట్టాలి. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, నెట్ సెంటర్లలో ఇ-ఆధార్ డౌన్‌లోడ్ చెయ్యొద్దని, చేస్తే కాపీలన్నీ తుడిచేయాలని మంచి మాట చెప్పింది. జిరాక్సుల గురించి అందులోనే ఉన్న ఇంకో వాక్యం మీద గొడవయ్యేసరికి రెండు రోజుల్లో ప్రకటన మొత్తం వెనక్కి తీసుకున్నారు. పనికొచ్చే సలహా కూడా దాంతోనే పోయింది. మన అధికారుల తీరే ఇది. మోసపోయాక సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమని ఫ్లెక్సీలు కడతారు, మోసం మొదలయ్యే కుర్చీ దగ్గరికి ఒక్కరూ రారు.

నెట్ సెంటర్లకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది మన నగరపాలక సంస్థ జీవీఎంసీయే కదా! మనిషి లేవగానే బ్రౌజర్ అంతా తుడిచిపోయేలా అమర్చడం, ప్రింట్ అయిన ఫైలు వెంటనే తీసెయ్యడం లైసెన్సు షరతుల్లో చేర్చమని కమిషనర్ గారిని కోరుతున్నాను. ఇందుకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు, బ్రౌజర్ సెట్టింగ్ మారిస్తే చాలు.

ఆ రోజు నాకు ముందు కూర్చున్న అమ్మాయి ఇది చదివితే ఒక మాట. లాగౌట్ అయితే చేశానమ్మా, నీ పాస్‌వర్డు ఆ బ్రౌజర్లో సేవ్ అయి ఉందేమో నాకు చూడటం రాలేదు. వెంటనే మార్చుకో.

- ఒక రైల్వే పెన్షనరు, కంచరపాలెం, విశాఖపట్నం